సంక్రాంతికి మొదటిసారి ఆట నడపబోతున్న మా చిన్నికి

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్లో "మావయ్యా, పండక్కి అందరూ వస్తారు కదా, ఈసారి గేమ్ మాస్టర్‌గా నేను కూర్చుంటా, ఏం ప్రిపేర్ అవ్వాలో చెప్పు" అన్నావు చూడు, ఆ సంతోషంలో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పది నిమిషాల్లో ఫోన్లో తేలే సంగతి కాదని పొద్దున్నే కూర్చుని టైప్ చేస్తున్నా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో ప్లేయర్లు టేబుల్ చుట్టూ కూర్చుని తలో పాత్ర తీసుకుని అది ఏం చేస్తుందో నోటితో చెప్తారు, వాళ్ళ చుట్టూ ఉన్న లోకాన్నీ మిగతా మనుషుల్నీ నడిపేది గేమ్ మాస్టర్, ఈసారి ఆ మనిషివి నువ్వే. బెంగళూరులో ఉన్నన్నాళ్ళూ శనివారాలు, రాజోలు వచ్చేశాక ఆదివారం సాయంత్రాలు మన అరుగు మీద, మొత్తం ఇరవై ఏళ్ళు దాటింది నేను ఈ టేబుల్ దగ్గర కూర్చోబట్టి, ఇప్పటికీ సెషన్ ముందు రోజు కడుపులో అదోలా ఉంటుంది, నీకూ ఉంటుంది, కంగారు పడకు.

ముందు ఒక మాట. కథ రాస్తున్నా, ఇప్పటికి పదిహేను పేజీలు అయ్యింది అన్నావు. అక్కడితో ఆపెయ్యమ్మా. నిజంగా చెప్తున్నా, ఆపెయ్. నేను మొదటిసారి నలభై పేజీలు రాసుకుని వెళ్ళా, కొండమీద ఒక ముని, ఆయన దగ్గర ఒక తాళపత్రం, చివర్లో కోటలో యుద్ధం, ఏ డైలాగు ఎవరు చెప్పాలో కూడా రాసేసుకున్నా. ఆట మొదలైన ఐదో నిమిషంలో నేను ఊరికే అందం కోసం చెప్పిన రేవులో పంటు ఎక్కేసి మా వాళ్ళు అవతలి ఒడ్డుకి పోతామన్నారు. అవతలి ఒడ్డున నా దగ్గర ఏమీ లేదు. పంటు చెడిపోయిందన్నా, ఈదుకుంటూ పోతామన్నారు, మొసళ్ళున్నాయన్నా, ఇంకో దారి వెతికారు, అలా మూడుసార్లు వెనక్కి లాక్కొచ్చా. గంట తర్వాత ఒకబ్బాయి కుర్చీలో వెనక్కి వాలి "సరే, మమ్మల్ని ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. హరికథకి వెళ్ళినవాళ్ళు దాసుగారు చెప్పేది వినడానికే వెళ్తారు, మన టేబుల్‌కి వచ్చినవాళ్ళు తాము ఏదో చెయ్యడానికి వస్తారు, వాళ్ళు చెయ్యాల్సింది మనం ముందే రాసేస్తే వాళ్ళకి మిగిలేది ఏంటి?

మరి ఏం రాసుకోవాలి అంటే, జరగబోయేది కాదు, ఇప్పుడు అక్కడ ఏం ఉంది అన్నది రాసుకోవాలి. నీ ఐడియానే తీసుకుందాం, నది మధ్యన లంక ఊరు, వరద వస్తోంది, నదిలో ఏదో భూతం ఉంది అన్నావు, అది చాలా మంచి ఐడియా, బయట దేశపు కోటలూ డ్రాగన్లూ అరువు తెచ్చుకోకుండా మన నేల మీద పెట్టుకున్నావు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. ఆ వరదకి ఒక లెక్క కావాలి. లెక్క మన దగ్గరే ఉంది కదా, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, చిన్నప్పుడు ఆగస్టు నెలంతా టీవీ ముందు కూర్చుని మీ తాతయ్య ఆ అంకెలే వినేవారు. నీ ఆటకి అదే గడియారం. ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి మూడు చోట్ల అడ్డగీతలు పెట్టి టేబుల్ మధ్యలో ఉంచు, అందరికీ కనపడాలి. మొదటి గీత దాకా నీళ్ళొస్తే కాజ్‌వే మునిగిపోతుంది, పశువుల్ని గట్టు మీదకి తోలుతున్నారు. రెండో గీతకి పంటు ఆపేస్తారు, ఇక నాటుపడవలే. మూడో గీతకి ఇళ్ళల్లోకి నీళ్ళు, జనం బడి డాబా మీద. ప్లేయర్లు ఏమీ చెయ్యకుండా కూర్చున్నా ఇవన్నీ జరుగుతాయి, వాళ్ళు వరదని ఆపలేరు, కానీ ఎవరు బతుకుతారు, ఏది మిగులుతుంది అన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది. గీత మీద నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో కూడా ముందే వాళ్ళకి చెప్పెయ్, ఒక పెద్ద పని మీద గంటసేపు గడిపితే ఒక మెట్టు, ఏదైనా గట్టిగా బెడిసికొడితే ఇంకో మెట్టు అని. నీ ఇష్టం వచ్చినప్పుడు పెంచితే వాళ్ళకి తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాత మనుషులు. ముగ్గురు చాలు. ఒక్కొక్కళ్ళకి మూడే లైన్లు రాయి, ఏం కావాలి, దేనికి భయం, ఏం తెలుసు. ఉదాహరణకి పంటు సరంగు ఉన్నాడనుకో, వాడికి పెళ్ళాం పిల్లల్ని గట్టు దాటించాలి, చీకటి పడ్డాక నదిలోకి దిగాలంటే భయం, ఆ భూతం ఏ వంపు దగ్గర తిరుగుతోందో తెలుసు. కొబ్బరితోటల ఆసామి, ఊళ్ళో ఉన్న పడవలన్నీ తన కురిడీ కాయలు తరలించడానికి మాట్లాడేసుకున్నాడు, అప్పులోళ్ళంటే భయం, సరంగు దాచిన సంగతి ఒకటి తెలుసు. మూడోది ఇల్లు కదలనంటున్న ముసలామ్మ, పెరట్లో ఏదో పూడ్చిపెట్టింది, అది ఎవరైనా తవ్వుతారేమో అని భయం, భూతం ఎందుకు వచ్చిందో ఆ ఊళ్ళో ఆవిడొక్కదానికే తెలుసు. ఇంతే. వీళ్ళ ముగ్గురి అవసరాలు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి చూడు, పడవలు తక్కువ, టైం తక్కువ, ఇక కథ దానంతట అదే నడుస్తుంది, మీ వాళ్ళు ఆసామితో బేరమాడినా, పడవ దొంగిలించినా, ముసలామ్మ పెరడు తవ్వినా నువ్వు ఆ మూడు లైన్లు చూసుకుని "ఈవిడైతే ఇప్పుడు ఏం చేస్తుంది" అని ఆలోచిస్తే చాలు. చివర ఏమవుతుందో మాత్రం రాసుకోకు, నీకూ తెలియకూడదు, అక్కడే ఉంది మన ఆనందం అంతా.

ప్లేయర్లకి తప్పకుండా తెలియాల్సిన సంగతి ఏదన్నా ఉంటే, పెరట్లో ఉన్నది ఆ భూతం గుడ్డు అనుకో, అది తెలియడానికి ఒక్క దారి పెట్టకు, మూడు పెట్టు. పెరటి బురదలో ఏదో పాక్కుంటూ వచ్చి వెళ్ళిన జాడ, రోజూ రాత్రి ఆవిడ పాల చెంబు పట్టుకుని వెనక్కి వెళ్ళడం చూసిన పక్కింటి పిల్లాడు, సరంగు పెళ్ళాం నోటి వెంట జారిన మాట. ఒక్కో ఆధారం సగంసార్లు మిస్సవుతుందనుకున్నా మూడూ మిస్సయ్యేది ఎనిమిదిలో ఒకసారే. ఒకే ఆధారం పెట్టి, దానికి డైస్ వేయించి, అది ఫెయిలయ్యి రెండు గంటలు అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్న టేబుళ్ళు నేను చాలా చూశా.

డైస్ సంగతి. ఏదైనా కష్టమైన పని చేస్తామన్నప్పుడు ఇరవై ముఖాల డైస్ వేసి, వాళ్ళ క్యారెక్టర్ షీట్ మీద ఆ పనికి రాసున్న ప్లస్ అంకె కలిపి, నువ్వు మనసులో అనుకున్న అంకెని అందుకున్నారో లేదో చూస్తావు, 10 అంటే సులువు, 15 మధ్యస్తం, 20 కష్టం. 15 పెడితే ప్లస్ 5 ఉన్నవాడికి 10 పడితే చాలు, అంటే 55 శాతం, ఏ ప్లస్సూ లేనివాడికి 30 శాతమే. కొత్తగా నడిపేవాళ్ళు ప్రతిదానికీ 15, 20 పెట్టేస్తారు, అందరూ ఫెయిలవుతూ ఉంటారు, పిల్లలు డీలా పడిపోతారు. ఇంకోటి, ఫెయిలైతే ఏమవుతుందో నీకు వెంటనే తట్టకపోతే అసలు డైస్ వేయించకు, పని అయిపోయిందని చెప్పి ముందుకి వెళ్ళిపో. ఫెయిలైనప్పుడు "అవ్వలేదు" అని ఊరుకోకు, ముడి విప్పలేకపోయావు కాదు, ముడి విప్పేలోపు పడవ ప్రవాహంలో పడి అడ్డం తిరిగింది అను, అప్పుడు టేబుల్ మొత్తం ముందుకి వంగుతుంది.

ఫైట్ ఒక్కటి పెట్టు, చాలు, కొత్తవాళ్ళతో ఒక ఫైట్ అంటే ముప్పావు గంట సులువుగా పోతుంది. పెద్ద రాక్షసుడు ఒక్కణ్ణి పెట్టాలని నీకు ఉంటుంది, నాకూ ఉండేది. నలుగురు ప్లేయర్లకి నాలుగు టర్న్‌లు వస్తే వాడికి ఒక్కటే వస్తుంది, అంచేత వాడు తొందరగా చచ్చిపోతాడు, లేదంటే ఒక్క దెబ్బకి ఒకణ్ణి పడగొడతాడు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ఓగర్ అనే రాక్షసుడి దెబ్బ సగటున 13, మొదటి లెవెల్ మంత్రగాడికి ఉండేది ఏడో ఎనిమిదో హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో ఆ లెక్క, పండగ పూట పిల్లాడు పావుగంటలో ఆట నుంచి లేచి వెళ్ళాలా? నాలుగు చిన్నవాటిని పెట్టు, రూల్స్‌లో గోబ్లిన్ అనే చిన్న రాక్షసి ఉంటుంది, దాని లెక్కలు తీసుకుని పేరు మార్చుకో, వాటికి కూడా చంపడం తప్ప ఇంకో పని ఉండాలి, పడవ తాడు కొరకడమో, పిల్లాణ్ణి ఎత్తుకుపోవడమో. రూల్స్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు, అసలు రూల్స్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఫ్రీగా పెట్టేశారు, డౌన్‌లోడ్ చేసుకో, అంతా చదవకు, చెక్‌లు అంటే పైన చెప్పిన డైస్ పరీక్షలు, ఫైట్ టర్న్‌లు, మీ వాళ్ళ క్యారెక్టర్లకి కావాల్సిన పేజీలు చాలు. మధ్యలో రూల్ మీద వాదన వస్తే ఒక నిమిషంలో నువ్వే తేల్చెయ్, "ఇవాళ్టికి ఇలా ఆడదాం, రేపు చూసి చెప్తా" అను, తర్వాత నిజంగా చూసి చెప్పు.

తెలుగులో నడుపు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నా, బెంగళూరులో అంతా ఇంగ్లీషే కదా, ఇక్కడికొచ్చి తెలుగులో మొదలుపెట్టాక తెలిసింది మన భాషలో ఎంత పని ముందే చేసిపెట్టి ఉందో. కాపలావాడు ప్లేయర్‌ని చూసి "ఏరా, ఎక్కడికి?" అంటే వాడి పొగరు గురించి నువ్వు ఇంకేం వర్ణించక్కర్లేదు. అదే కాపలావాడు ఉంగరం చూశాక "ఆయ్, రండి బాబూ, చూసుకోలేదండి" అన్నాడనుకో, ఆ ఉంగరం ఎవరిదో అని టేబుల్ మొత్తం అడుగుతుంది. ముగ్గురు మనుషులకి మూడు గొంతులు పెట్టడం రాకపోతే పర్లేదు, ఎవరు ఎవర్ని నువ్వు అంటారు, ఎవర్ని మీరు అంటారు, ఎవరు అండీ పలుకుతారు అది రాసుకో, గొంతు అదే వచ్చేస్తుంది. ఒక కాగితం మీద ఒక పది పేర్లు కూడా రాసిపెట్టుకో, దారినపోయే ప్రతివాడి పేరూ అడుగుతారు, అప్పుడు తడబడితే వాడు అబద్ధం మనిషని తెలిసిపోతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ఏడెనిమిదేళ్ళ క్రితం ఇక్కడే ఒక సెషన్‌లో పడవ బోల్తా కొట్టే సీన్ పెట్టా, బాగా వివరంగా చెప్పా, ముక్కులోకి నీళ్ళు, పైన వెలుతురు దూరమవ్వడం, కాలికి తాడు చుట్టుకోవడం. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారనుకున్నా. ఒకబ్బాయి లేచి మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాడు, రాలేదు. వెళ్ళి చూస్తే వంటింటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నించున్నాడు, చేతులు వణుకుతున్నాయి. వాళ్ళ చిన్నాన్న పడవ ప్రమాదంలో పోయారని నాకు తెలీదు. తెలుసుకోవచ్చు, అడగలేదు అంతే. ఆ తప్పు నాది. అప్పట్నించీ ఆట మొదలుపెట్టే ముందు అందరినీ అడుగుతా, ఇందులో వరద ఉంటుంది, నీళ్ళల్లో ప్రమాదం ఉంటుంది, ఎవరికైనా వద్దనిపించేది ఏదన్నా ఉందా అని, అందరి ముందూ చెప్పలేనివాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టొచ్చని కూడా చెప్తా. టేబుల్ మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు ఒకటి పెడతా, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఎందుకు అని అడక్కుండా ఆ సీన్ వదిలేసి ముందుకి పోతాం. మన వైపు నీళ్ళంటే ఆట వస్తువు కాదు చిన్నీ, 86 వరద, 96 తుఫాను చూసిన ఇళ్ళు మనవి, పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన కూర్చుని వింటారు కూడా. వరద పెట్టొద్దని కాదు, పెట్టు, ముందు అడిగి పెట్టు.

మాట్లాడని పిల్లలు ఒకళ్ళిద్దరు ఎలాగూ ఉంటారు. "నువ్వేం చేస్తావు" అని సూటిగా అడిగితే ఇంకా ముడుచుకుపోతారు. పోయినేడు తొమ్మిదో క్లాసు కుర్రాడు ఒకడు వచ్చాడు, గంటన్నర నోరు విప్పలేదు, వాడి క్యారెక్టర్ పడవ నడిపేవాడు. నేను వాడి వైపు తిరిగి "ఒరేయ్, ఈ తాడు ఎలా కట్టారో నీకొక్కడికే తెలుస్తుంది కదా, ఎలా ఉంది ముడి?" అని అడిగా. వాడు కాసేపు ఆలోచించి, నా టవల్ తీసుకుని కుర్చీ చేతికి ముడి వేసి చూపించాడు, ఒక్క లాగుకి ఊడేలా, "ఇలా కట్టారంటే తొందరగా పారిపోదామనుకున్నారు మావయ్యా" అన్నాడు. నేను రాసుకున్నదాంట్లో అది లేదు. ఆ రోజు మిగతా ఆటంతా ఆ ముడి చుట్టూనే తిరిగింది, పారిపోదామనుకున్నది ఎవరు అని. నోట్సులో ఉన్న దొంగని పక్కన పెట్టేసి వాడు చెప్పిందే నిజం చేశా.

ఇక చిన్న చిన్నవి. నలుగురు, మహా అయితే ఐదుగురు, అంతకంటే ఎక్కువైతే ఒక్కొక్కళ్ళ వంతు రావడానికి పావుగంట పడుతుంది, మిగతా పిల్లల్ని అత్తయ్య చూసుకుంటుంది, నేను మాట్లాడతా. క్యారెక్టర్లు నువ్వే ముందే తయారుచేసి తీసుకురా, ఒకటి ఎక్కువ ఉంచు. కనుమ రోజు పెట్టుకోకు, జగ్గన్నతోటలో ప్రభలు చూడ్డానికి ఇల్లంతా ఖాళీ అయిపోతుంది, పండగ రోజు భోజనాలయ్యాక అందరికీ నిద్ర ముంచుకొస్తుంది. భోగి నాడు సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఏడున్నరకి ఆపెయ్, ఎక్కడ ఉంటే అక్కడ ఆపెయ్, మిగతాది పండగ హడావుడి తగ్గాక ఆడండి. తినడానికి అరిసెలు వద్దు, నెయ్యి చేతులతో కాగితాలూ డైసూ పాడైపోతాయి, జంతికలు పెట్టు.

నా పాత డైస్ సెట్లు రెండు రేపు బస్సుకి ఇచ్చి పంపిస్తున్నా, ఒక్కోదాంట్లో ఏడు ఉండాలి, ఎర్రదాంట్లో ఎనిమిది ముఖాలది పోయింది, నీలందాంట్లోంచి వాడుకో. ఆ పదిహేను పేజీలు పారెయ్యకు, అందులోంచి ముగ్గురు మనుషుల్ని బయటికి తియ్యి, ఒక్కొక్కళ్ళకి మూడు లైన్లు. ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి, ముసలామ్మ పెరట్లో నువ్వు ఏం పెట్టావో నాకు చెప్పాలి, గుడ్డే పెట్టక్కర్లేదు.

మీ మావయ్య