వెయిట్ లిఫ్టింగ్ చేసే చెల్లి తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్తోంది, మూడు నెలలుగా నెలసరి లేదు. ఏం చేయాలి?

మీరు రాసిన వాటిలో నన్ను పట్టుకున్నది కుళాయి చప్పుడు. పదహారేళ్ల పిల్ల, 53 కిలోల కేటగిరీకి దిగమన్నారని రాత్రి భోజనం మానేసింది. తిన్న రోజు మాత్రం బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుతోంది. నెలసరి ఆగిందంటే "ట్రైనింగ్‌లో మామూలే" అంటోంది. నేనూ హాస్టల్లో ఉన్నప్పుడు కుళాయి తిప్పేదాన్ని, వాంతి చేసుకునే చప్పుడు బయటికి వినపడకూడదని.

నాది శ్రీకాకుళం జిల్లా. నా అసలు బరువు 57, ఆడేది 53లో. ఒక పోటీకి ముందు రాత్రి కాటా మీద 54.1 వచ్చింది. రెండు ట్రాక్ సూట్ల మీద రెయిన్‌కోటు వేసుకుని వరండాలో పరుగెత్తాను. చూయింగ్ గమ్ నములుతూ ఖాళీ సీసాలో ఉమ్ముతూనే ఉన్నాను. పొద్దున 52.9. నా రూమ్మేట్ చప్పట్లు కొట్టింది! మన ఆటలో బరువు చూసేది పోటీకి రెండు గంటల ముందు మాత్రమే. పోయిన నీరు, శక్తి ఆలోపు తిరిగి రావు. ప్రాక్టీసులో 65 కిలోలు స్నాచ్ (బరువును ఒకే ఊపులో తల మీదికి లేపడం) చేసేదాన్ని, ఆ రోజు 60 కూడా తల మీద నిలవలేదు. మూడు ఛాన్సులూ పోయాయి. ఆ రాత్రి నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు తిన్నాను. తర్వాత మళ్లీ కుళాయి.

నెలసరి ఆగితే సీనియర్లు "హాయిగా ఉంది కదా, పోటీలకి ఇబ్బంది లేదు" అనేవారు. నేనూ నమ్మాను. ఏడు నెలల తర్వాత ముంగాలు ఎముకలో నొప్పి మొదలైంది. స్కాన్‌లో సన్నని పగులు కనిపించింది. డాక్టరమ్మ కాలు చూడకముందే అడిగింది: "ఆఖరిసారి నెలసరి ఎప్పుడు?" అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కసరత్తుకు ఖర్చయ్యాక మిగిలిన తిండితోనే గుండె, ఎముకలు, హార్మోన్లు నడవాలి. మిగలకపోతే శరీరం ముందు నెలసరిని ఆపేస్తుంది, ఎముకకు బలం తగ్గిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగపిల్లలకూ వస్తుంది, వాళ్లకి నెలసరి లాంటి గుర్తు ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

ఇప్పుడు మీ చెల్లి సంగతి. మూడు నెలలు ఆగిందంటే ఈ వారమే గైనకాలజిస్టుకి చూపించండి. వాంతుల సంగతి దాచొద్దు. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది కాబట్టి రక్త పరీక్ష, ఈసీజీ అడగండి. కళ్లు తిరిగి పడినా, గుండె దడదడలాడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిని కక్కుకోవడం మొండితనం కాదు, జబ్బు. సైకాలజిస్టు సాయం కావాలి. ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఒంట్లో నీరు మూత్రంగా పోయే మాత్ర ఎవరైనా ఇస్తే పారేయండి. ఒంటికి చేటు అన్నది ఒకటి, డోపింగ్ కింద నిషేధం అన్నది ఇంకొకటి.

ఇంట్లో అన్నం దగ్గర గొడవ మాత్రం పెట్టకండి. "ఎంత తిన్నావ్, ఎందుకు వదిలేశావ్" అని అమ్మ అడిగిన ప్రతిసారీ నేను ఇంకాస్త నేర్పుగా దాచాను. విడిగా కూర్చోబెట్టి "నాకు తెలుసు, నీ మీద కోపం లేదు" అనండి, చాలు.

కోచ్‌తో కేటగిరీ మార్చమని మాట్లాడండి. ఎదిగే పిల్లని కిందికి దింపడం నాకు బొత్తిగా నచ్చని పని. మన ఆమదాలవలస వైపు కరణం మల్లీశ్వరి 54 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం తెచ్చింది మాత్రం 69లో. అటు కుస్తీలో చూస్తే వినేశ్ ఫోగట్, టోక్యోలో 53లో ఆడిన మనిషి, 2024 పారిస్‌లో 50కి దిగారు. ఫైనల్ ముందు రాత్రంతా చెమటోడ్చి, జుట్టు కూడా కత్తిరించుకున్నా 100 గ్రాములు ఎక్కువ ఉందని ఆడనివ్వలేదు. పెద్ద డాక్టర్ల బృందం పక్కనున్నా అంతే, మన పిల్లలకి ఉండేది ఒక కాటా.

నేను 58కి మారాను. మొదటి ఆర్నెల్లు తిండంటేనే టెన్షన్. ప్రాక్టీసుకి ముందు రెండు అరటిపళ్లు, అయ్యాక గుడ్లు, పెరుగన్నం, సాయంత్రం పల్లీ చెక్క: ఆకలి ఉన్నా లేకపోయినా టైముకి తినడమే. నెలసరి తిరిగి రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. 65 స్నాచ్ మళ్లీ లేపడానికి ఏడాది, ఆ తర్వాత 70 కూడా లేపాను.

ఇంకొకటి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆఖరి నెలసరి తేదీ, వాంతులు రోజుకెన్నిసార్లో ఆ పిల్ల చేతే ఒక కాగితం మీద రాయించండి. అమ్మ పక్కన కూర్చుని ఉంటే నా నోరు పెగల్లేదు.