రష్యా మట్టిబొమ్మలపై మనసుపడ్డ అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ శిల్పకళ రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా రష్యా జానపద మట్టిబొమ్మల ధ్యాసే. డిగ్రీ కాగానే రష్యా వెళ్లి వాటి మీదే చదువుకుంటానంటోంది. పోటీ పరీక్షలు రాయించి ఏదైనా ప్రభుత్వ ఉద్యోగంలో స్థిరపడేలా చేయాలని మా ఆలోచన. బొమ్మల చదువు అన్నం పెడుతుందా? ఆపాలా, పంపాలా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఆపవద్దమ్మా. అలాగని ఇప్పుడే పంపవద్దు.

ముందు అసలు మాట. ‘రష్యా మట్టిబొమ్మల నిపుణులు కావలెను’ అని మన దేశంలో ఎవరూ ప్రకటన ఇవ్వరు. ఆ ఒక్క మాట పట్టుకుని చూస్తే మీ భయం నిజమే. కానీ ఆ బొమ్మల చుట్టూ ఉన్న విద్యలకు పని ఉంది. సిరామిక్ పని, ఆటబొమ్మల డిజైన్, మ్యూజియం పని, రష్యన్ భాష ఇలాంటివే. వీటిలో ఏది తనదో తెలియాలంటే మీ అమ్మాయి ఒక విషయం తేల్చుకోవాలి. బొమ్మ చేయడం ఇష్టమా, బొమ్మను పరిశోధించడం ఇష్టమా? రెండూ గొప్ప పనులే, దారులే వేరు.

ఈ మాట ఊరికే అనడం లేదు. తను ఇష్టపడుతున్న సంప్రదాయమే ఇందుకు సాక్ష్యం. వ్యాత్కా నగరానికి (1934 నుంచి దాని పేరు కీరొవ్) నదికి ఆవలి ఒడ్డున ద్యిమ్కొవో అనే పేట ఉంది. ఈస్టర్ తర్వాత నాలుగో శనివారం ఆ నగరంలో ఈలల పండుగ జరిగేది. దానికోసం ద్యిమ్కొవో ఆడవాళ్లు మట్టితో ఈల బొమ్మలు చేసేవారు. 19వ శతాబ్దం చివరికి అచ్చుల్లో పోసిన చౌక ప్లాస్టర్ బొమ్మలు సంతను ముంచెత్తాయి. మట్టి పని చేసేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఒక దశలో ఆ పనిని పట్టుకుని నిలబడినవారిలో దాదాపు ఒక్కరే మిగిలారు. ఆమె ఆన్నా మేజ్రినా (1853-1938). అదే ఊరి చిత్రకారుడు అలెక్సేయ్ దేన్షిన్ ఆమె బొమ్మలను గీసి, చేతితో రంగులు వేసి, 1917లో ఆల్బమ్‌గా తెచ్చాడు. ఆ తర్వాతే ద్యిమ్కొవో బొమ్మను కళగా చూసేవాళ్లు పెరిగారు. 1933లో అక్కడ సహకార సంఘం ఏర్పడింది, కొత్త చేతులు వచ్చి చేరాయి. మేజ్రినా చెయ్యి, దేన్షిన్ కుంచె, రెండూ కలిస్తేనే ఆ బొమ్మ బతికిందని నా నమ్మకం.

ఇప్పుడు మట్టి సంగతి. ఫొటోలు చూసి ఈ చదువు రాదు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ద్యిమ్కొవోలో ఎర్రమట్టిలో సన్నని ఏటి ఇసుక కలుపుతారు. అచ్చు వాడరు. ముద్దల నుంచి భాగాలు చేసి, పలుచని మట్టినీటితో అతికించి, ఆరబెట్టి, కాలుస్తారు. తర్వాత తెల్లపూత వేస్తారు, పాతకాలంలో అది పాలలో కలిపిన సుద్దపొడి. ఆ తెలుపు మీద గుడ్డుసొనతో కలిపిన రంగులతో గుండ్రాలు, గీతలు, గళ్లు, చుక్కలు దిద్దుతారు. చివర మెరిసే రేకు ముక్కలు అంటిస్తారు. ముద్ద నుంచి రేకు దాకా ఒకే మనిషి పని. అందుకే కావడి మోసే స్త్రీ బొమ్మలు వంద ఉన్నా ఏ రెండూ ఒక్కలా ఉండవు.

తూలా ప్రాంతంలోని ఫిలిమోనొవో గ్రామానికి వెళితే మట్టే మారిపోతుంది. అక్కడి బంకమట్టి తవ్వినప్పుడు నల్లటి నీలం, కాలిస్తే తెలుపు. దీన్ని సినికా అంటారు. ఆరేటప్పుడు అది బీటలు వారుతుంది. చేసేవాళ్లు తడిచేత్తో మళ్లీ మళ్లీ పైకి దువ్వుతూ ఆ బీటలు పూడుస్తారు. అలా దువ్వగా దువ్వగా మెడ సాగుతుంది. ఆవుకైనా గుర్రానికైనా జిరాఫీ మెడలాంటిది రావడానికి కారణం అదే! ఎవరో ఊహించి పెట్టిన అందం కాదది, మట్టి చేయించిన పని. ఈ సంగతి పుస్తకంలో చదివిన వాళ్లకూ వేలికొసల్లో తెలిసిన వాళ్లకూ చాలా తేడా ఉంటుంది. ఉత్తరాన కార్గొపొల్‌లో గడ్డం ఉన్న నరాశ్వం ‘పోల్కాన్’, పేంజా ప్రాంతపు అబాషెవోలో కొమ్ములు తిరిగిన మేకలు, పొట్టేళ్లు ఉన్నాయి. వాటి గురించి మీ అమ్మాయే మీకు చెప్పగలదు, అడిగి చూడండి.

ఇక చేయాల్సిన పనులు. శిల్పకళ డిగ్రీ పూర్తికావాలి, ఇందులో రాజీ లేదు. ఈ వేసవిలో ఒక నెల దగ్గరలోని కుమ్మరి దగ్గర కూర్చోబెట్టండి. మట్టి జల్లించడం నుంచి ఆవం దించేదాకా అన్నీ చేయాలి. అదే నెలలో ఆయన చేసే ఒక బొమ్మనో ప్రమిదనో తీసుకుని దేన్షిన్ పద్ధతిలో నమోదు చేయాలి: కొలతలు, నాలుగు వైపుల బొమ్మలు, మట్టి ఎక్కడిది, ఏ పనిముట్టు, ఎంత ధర. నెలాఖరుకు ఏ పనిలో కాలం తెలియలేదో తనకే అర్థమవుతుంది.

చేయడమే ఇష్టమని తేలితే, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో సిరామిక్, గ్లాస్ డిజైన్ పీజీ ఉంది. అదే సంస్థ గాంధీనగర్ ప్రాంగణంలో ఆటబొమ్మలు, ఆటల డిజైన్ పీజీ ఉంది. ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే సాధన మొదలుపెట్టాలి. పరిశోధనే ఇష్టమైతే వడోదరలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ (మ్యూజియం పనికి సంబంధించిన చదువు) చేయవచ్చు.

ఏ దారైనా రష్యన్ భాష తప్పదు. ఈ బొమ్మల మీద లోతైన రచనలు చాలావరకు ఆ భాషలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) రష్యన్ బోధిస్తుంది, ఊళ్లోనే ఉండి వదులుకోవడం ఎందుకు? భాష చేతిలో ఉంటే అనువాదం, బోధన లాంటి పనులూ దొరుకుతాయి. మీరు కోరుకునే స్థిరత్వానికి అది పునాది అవుతుంది.

రష్యా ప్రయాణం పీజీ తర్వాతే మంచిది. అక్కడి ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్ వివరాలు చెన్నై, ఢిల్లీల్లోని రష్యన్ హౌస్‌లలో దొరుకుతాయి. అందులో బోధన రుసుము ఉండదు కానీ విమాన ఖర్చు, బీమా, తిండి చాలావరకు మీవే. భాష రాకుండా వెళ్తే మొదటి ఏడాది భాషకే పోతుంది. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డు కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయడం లేదు. డబ్బు పంపే మార్గం ముందే చూసుకోవాలి. సీటు ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు, మన విదేశాంగ శాఖ సూచనలు చూడకుండా టికెట్ కొనవద్దు. వెళ్లినప్పుడు మాత్రం మాస్కో దగ్గరి సేర్గియెవ్ పొసాద్‌లోని బొమ్మల మ్యూజియం తప్పక చూడాలి. నికొలాయ్ బార్త్రమ్ 1918లో మాస్కోలో స్థాపించిన ఆ మ్యూజియం 1931లో అక్కడికి మారింది.

పోటీ పరీక్షలంటారా, డిగ్రీ అర్హతతో రాసేవి పీజీ చేస్తూ కూడా రాయవచ్చు. వయోపరిమితి దాటే ప్రమాదం ఇప్పట్లో లేదు. వేసవి పని అయ్యాక ఆమె గీసిన కాగితాలు, కాల్చిన బొమ్మల ఫొటోలు జతచేసి మళ్లీ రాయండి. వాటిని చూసి ఏ కోర్సుకు దరఖాస్తు చేయాలో చెబుతాను.