వొలొఫ్‌లో ‘అందమైన ఇల్లు’, ‘ఇల్లు అందంగా ఉంది’: విశేషణం ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న టూకీగా ఇది: వొలొఫ్ కొత్తగా నేర్చుకుంటున్నారు, మాటలు వస్తున్నాయి, కానీ ‘అందమైన ఇల్లు’ అనబోతే ఒక తప్పు, ‘ఇల్లు అందంగా ఉంది’ అనబోతే ఇంకో తప్పు దొర్లుతోంది.

అసలు చిక్కు నిఘంటువులోనే ఉంది. ‘రఫెత్’ పక్కన ‘అందమైన’ అని అర్థం రాసి ఉంటుంది. దాన్ని కొట్టేసి ‘అందంగా ఉండు’ అని రాసుకోండి. సెనెగల్, గాంబియాల్లో మాట్లాడే ఈ భాషలో మనం విశేషణాలనుకునే మాటలన్నీ దాదాపుగా క్రియలే. తంగ్ అంటే వేడిగా ఉండు, సెద్ద్ అంటే చల్లగా ఉండు, గుద్ద్ అంటే పొడుగ్గా ఉండు, సొన్న్ అంటే అలసిపోయి ఉండు. ‘ఉండు’ అన్నది మాటలోనే కలిసిపోయింది కాబట్టి దాన్ని మళ్ళీ విడిగా చేర్చకూడదు. తెలుగువాళ్ళు జారేది సరిగ్గా ఇక్కడే. మనకు ‘ఉంది’ లేనిదే వాక్యం పూర్తయినట్టు అనిపించదు కనుక ‘నెక్క్’ అనే క్రియ తెచ్చి ‘కర్ గి నెక్క్ న రఫెత్’ అంటారు. అది తప్పు. నెక్క్ ‘ఫలానా చోట ఉండు’ అనడానికి పనికొస్తుంది, గుణం చెప్పడానికి కాదు.

వాక్యం ఇలా కట్టాలి: కర్ గి దఫ రఫెత్. కర్ అంటే ఇల్లు, గి ‘ఆ, ఈ’ లాంటి నిర్దేశపదం, దఫ ఆ గుణం మీదికి దృష్టి తిప్పే మాట. మనిషిని బట్టి దఫ మారుతుంది: నేను అయితే దమ, నువ్వు అయితే దంగ, వాళ్ళు అయితే దఞు. ‘దమ సొన్న్’ అంటే అలసిపోయాను అని. దఫ బదులు వెనక ‘న’ పెట్టి ‘కర్ గి రఫెత్ న’ అనీ అనవచ్చు. తేడా సన్నది. అన్నం నోట్లో పెట్టుకుని ‘నేఖ్ న!’ అంటే ‘బాగుంది’ అని తీర్పు చెప్పినట్టు. ఎందుకలా కూర్చున్నావని అడిగితే ‘దమ సొన్న్’ అంటారు, ఎందుకంటే అది కారణం చెప్పడం. మొదటి నెలలో ఈ తేడా గురించి బుర్ర పాడుచేసుకోకుండా దఫనే వాడుకోండి. రెండూ వదిలేస్తే మాత్రం కుదరదు. ‘కర్ గి రఫెత్’ అని ఆపేస్తే అది వాక్యం కాదు, ‘ఆ అందమైన ఇల్లు’ అయి కూర్చుంటుంది. వినేవాళ్ళు ‘ఆ ఇంటికేమైంది?’ అని ఎదురుచూస్తారు.

ఇక ‘అందమైన ఇల్లు’. మన ‘అందమైన’ను విప్పి చూడండి: అందం అయిన. వొలొఫ్ చేసేదీ ఇంచుమించు అదే, కాకపోతే నామవాచకం ముందు వస్తుంది. కర్ గు రఫెత్: ‘ఇల్లు, అందంగా ఉన్నది’. ఫలానా ఇల్లు అని తేల్చి చెప్పాలంటే చివర గి చేర్చి ‘కర్ గు రఫెత్ గి’ అంటారు. గుణం రెండోది కూడా ఉంటే గు మళ్ళీ పెట్టాలి: ఖజ్ బు మగ్ బు న్యూల్, అంటే పెద్ద నల్ల కుక్క.

గు, బు ఎందుకు మారుతున్నాయంటే వొలొఫ్‌లో నామవాచకాలకు ఏకవచనంలో ఎనిమిది, బహువచనంలో రెండు తరగతులున్నాయి. ఒక్కో తరగతికి ఒక్కో హల్లు గుర్తు: గి, గులో గ, బి, బులో బ. దేనికి ఏ హల్లో అర్థాన్ని బట్టి ఊహించలేం, మాటతో పాటే బట్టీ పట్టాలి. ‘న్దొఖ్’ అని కాక ‘న్దొఖ్ మి’ అని నేర్చుకుంటే ‘న్దొఖ్ ము సెద్ద్’, చల్లని నీళ్ళు, నోటికి దానంతటదే వస్తుంది. అలాగే ఫస్ వు వేఖ్ (తెల్ల గుర్రం), నిత్ కు బాఖ్ (మంచి మనిషి). బహువచనంలో చాలావాటికి యు, మనుషుల్ని చెప్పే కొన్ని మాటలకు ఞు: కర్ యు రఫెత్, నిత్ ఞు బాఖ్. సెనెగల్ రాజధాని డకార్ వీధుల్లో చాలామంది అన్నిటికీ బి, బు తగిలించేస్తారు. కాబట్టి హల్లు తప్పినా మీ మాట అర్థమవుతుంది. అయినా పది మాటలకు సరైనది నేర్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇంకో తికమక: చేబు జన్. 2021లో యునెస్కో జాబితాకెక్కిన చేపల అన్నం ఇదే. ఇందులో ‘ఉ’ మాటకు అంటుకుని ఉంటుంది, రెండు నామవాచకాల్ని (చేబ్ అన్నం, జన్ చేప) కలుపుతుంది. ‘చేబ్ బు నేఖ్’ (రుచిగా ఉన్న అన్నం)లో బు విడిగా ఉంటుంది, దాని వెనక క్రియ ఉంటుంది. ‘చేబు నేఖ్’ అనకండి.

కాదు అనాలంటే దఫ, న వెతుక్కోనక్కర్లేదు, క్రియ చివర ఉల్ చేర్చండి: తంగుల్, వేడిగా లేదు. నేను అయితే ఉమ: సొన్నుమ, నేను అలసిపోలేదు. వేడి లేని నీళ్ళు: న్దొఖ్ ము తంగుల్.

పోల్చడానికి ‘కంటే’ లాంటి విభక్తి లేదు, ‘మించు’ అనే క్రియ, గన్, ఉంది: మోదు మో గన్ అ గుద్ద్ ఫాతు. మోదు ఫాతు కంటే పొడుగు.

ఉచ్చారణలో మనకు కలిసొచ్చేది హ్రస్వ దీర్ఘాలు. వేఖ్ అంటే తెల్లగా ఉండు, వెఖ్ అంటే చేదుగా ఉండు. బాఖ్ మంచిగా ఉండు, బఖ్ మరుగు. ‘న్దొఖ్ ము బాఖ్’ అడగబోయి ‘న్దొఖ్ ము బఖ్’ అంటే మరిగే నీళ్ళు వస్తాయి. ఖ మాత్రం మన ఒత్తు ఖ కాదు, గొంతులో గరగరలాడాలి.

బజారులో ముందు పనికొచ్చే జంట జఫె, యొంబ్. జఫె అంటే ఖరీదు, కష్టం, రెండూ. యొంబ్ అంటే చవక, తేలిక, రెండూ. ‘దఫ జఫె, వఞ్ఞి కొ’ అంటే ‘ఖరీదెక్కువ, తగ్గించు’. బేరానికి ఈ రెండు ముక్కలు చాలు.

చాలా అనడానికి లోల్ దేనికైనా అతుకుతుంది: రఫెత్ న లోల్. కానీ అసలు రుచి వేరే చోట ఉంది. మనకు చీకటి అంటే చిమ్మ, ముసలి అంటే పండు, పేదరికం అంటే కటిక. ఒకదానిది ఇంకోదానికి అతకదు. వొలొఫ్‌లోనూ అంతే. వేఖ్ తల్ల్ అంటే తెల్లటి తెలుపు, న్యూల్ కుక్క్ అంటే కారునలుపు, ఖొంక్ చొయ్ అంటే ఎర్రెర్రగా, సెత్ వెచ్చ్ అంటే తళతళలాడేంత శుభ్రం, ఫేస్ దెల్ల్ అంటే అంచుదాకా నిండుగా. తల్ల్‌ను ఖొంక్ పక్కన పెడితే ‘చిమ్మ ముసలి’ అన్నట్టే ఉంటుంది. రంగుల్లో సొంత మాటలుగా ముందు ఈ మూడే పట్టండి: వేఖ్, ఖొంక్, న్యూల్. నీలానికి బులో, ఆకుపచ్చకు వెర్త్ అంటారు, రెండూ ఫ్రెంచి నుంచి వచ్చినవే. వాటికి తల్ల్, కుక్క్ లాంటి తోకలు తగిలించకండి, లోల్ సరిపోతుంది.