స్కాట్లాండ్‌లో హాలోవీన్ అమెరికాలోలాగే ఉంటుందా?

టెక్సాస్ నుంచి గ్లాస్గోకి మారుతున్నామనీ, మీ ఏడేళ్ల పాపకి హాలోవీన్ అంటే ప్రాణమనీ, ఇక్కడ కూడా అలాగే చేస్తారా అనీ అడిగారు. చేస్తారండీ, చాలా బాగా చేస్తారు. కానీ ఒక్క విషయంలో పెద్ద తేడా ఉంది, పాపని దానికి ముందే సిద్ధం చేయండి. మేం న్యూజెర్సీలో కొన్నేళ్లుండి గ్లాస్గో వచ్చాం, రెండు చోట్లా పిల్లల వెంట తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

అమెరికాలో పిల్లలు గుమ్మం దగ్గర 'ట్రిక్ ఆర్ ట్రీట్' అంటే చాలు, సంచిలో చాక్లెట్ పడుతుంది. కొన్ని ఇళ్లలో మనిషి కూడా బయటికి రారు, మెట్ల మీద గిన్నె పెట్టేసి ఉంటుంది. స్కాట్లాండ్‌లో దీన్ని గైజింగ్ అంటారు. వేషం వేసుకుని వచ్చిన పిల్లలు ఏదో ఒకటి చేసి చూపించాలి. పాట, పద్యం, డాన్సు, ఏదీ రాకపోతే కనీసం ఒక జోకు. ఆ తర్వాతే చేతిలో ఏదైనా పెడతారు. మా నాన్నగారి చిన్నతనంలో దసరాకి బడిపిల్లలు పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్లి, పాటలు పాడి పప్పుబెల్లాలు తెచ్చుకునేవారట. ఇదీ అచ్చం అలాంటిదే. నాకైతే ఈ పద్ధతే ఎక్కువ నచ్చింది. పిల్లలకి పెద్దవాళ్ల ముందు నిలబడి గొంతెత్తే ధైర్యం వస్తుంది, ఇరుగుపొరుగు వాళ్ల మొహాలు తెలుస్తాయి.

మావాడికి పాటంటే సిగ్గు. అందుకని వాళ్ల అమ్మమ్మ చెప్పిన పొడుపుకథని ఇంగ్లిష్‌లో చెప్పడం నేర్పాం: కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు. కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఫ్రిజ్ తలుపా, అల్మరా తలుపా అని ఒక్కొక్కటీ అడిగింది. వాడు తల అడ్డంగా ఊపుతూ, ఆఖరికి తన కనురెప్పలు రెండుసార్లు మూసి తెరిచాడు. ఆవిడ చప్పట్లు కొట్టి, ఒక కమలాపండు, గుప్పెడు వేరుశనక్కాయలు ఇచ్చింది. అవునండీ, తొక్కతో ఉన్న వేరుశనక్కాయలే. ఇక్కడ వాటిని మంకీ నట్స్ అంటారు, హాలోవీన్‌కి ఇవ్వడం పాత అలవాటు. ఇప్పుడు చాక్లెట్లే ఎక్కువ. పాపకి వేరుశనగ అలర్జీ ఉంటే మాత్రం సంచి చూసుకోండి.

గుమ్మడికాయలు సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. కానీ ఇక్కడి అసలు దీపం నీప్‌తో చేసేది. లోపల పసుపు రంగులో ఉండే గట్టి టర్నిప్ దుంప అది. చెంచాతో లోపలంతా తొలిచేసరికి మణికట్టు నొప్పి పుడుతుంది, కొవ్వొత్తి పెట్టాక వేడికి ఆ దుంప మాడుతున్న వాసన గదంతా పట్టేస్తుంది. 19వ శతాబ్దంలో ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల నుంచి వలస వెళ్లినవాళ్లు ఈ పండుగని అమెరికాకి తీసుకెళ్లారు. అక్కడ పెద్దగా, తొలవడానికి తేలిగ్గా ఉండే గుమ్మడికాయ దొరికింది. ఇప్పుడదే తిరిగి ఇక్కడికి వచ్చింది. ఒక్కసారైనా పాపతో కలిసి నీప్ దీపం చేయండి.

పార్టీల్లో డూకింగ్ ఉంటుంది. తొట్టి నీళ్లలో ఆపిల్స్ తేలుతుంటే చేతులు వాడకుండా నోటితో అందుకోవాలి. చిన్నపిల్లలైతే కుర్చీ మీద మోకాళ్లపై కూర్చుని, పళ్ల మధ్య ఫోర్కు పట్టుకుని ఆపిల్ మీదికి వదులుతారు. ఇంకో ఆటలో ట్రీకిల్ అనే నల్లటి పాకం పూసిన స్కోన్లని, అంటే చిన్న గుండ్రటి రొట్టెల్ని, తాడుకి వేలాడదీస్తారు, వాటినీ నోటితోనే కొరకాలి. పాతబట్టలు వేసి పంపండి.

ఐర్లాండ్‌లో మళ్లీ వేరు. అక్కడ బామ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరం దాచిపెడతారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి ఏడాదిలో పెళ్లి అంటారు.

టైమ్ కూడా మీకు కొత్తగా ఉంటుంది. అమెరికాలో గడియారాలు నవంబర్ మొదటి ఆదివారం మారతాయి, ఇక్కడ అక్టోబర్ చివరి ఆదివారమే మారిపోతాయి. అక్టోబర్ 31న గ్లాస్గోలో ఐదుకల్లా చీకటి పడిపోతుంది. చలి, వాన రెండూ ఉండొచ్చు కాబట్టి లోపల స్వెట్టర్ పట్టేలా ఒక సైజు పెద్ద వేషం కొనండి. ప్రతి ఇంటి బెల్లూ కొట్టకండి, గుమ్మంలోనో కిటికీలోనో దీపం పెట్టిన ఇళ్లకీ తెలిసినవాళ్ల ఇళ్లకీ వెళ్తే చాలు.

మీ ఇంటికి పిల్లలొస్తే మాత్రం తలుపు తీయగానే చాక్లెట్ ఇచ్చి పంపేయకండి. ఏం చేసి చూపిస్తావని అడగండి. కొందరు వారం నుంచి ప్రాక్టీస్ చేసి ఉంటారు.