సూడోకోలినెస్టరేజ్ దాదాపు సున్నా వస్తే: పురుగుమందు వల్లనా, జీన్ వల్లనా?

దేవరకొండలో పురుగుమందుల షాపు నడిపే మీ తమ్మునికి హెర్నియా ఆపరేషన్ ముందు సూడోకోలినెస్టరేజ్ (ఆపరేషన్లో వాడే కొన్ని మందులను రక్తంలో విరిచేసే ఎంజైము) దాదాపు సున్నా వచ్చిందని, ఇది మందు డబ్బాల మధ్య కూర్చోవడం వల్లనేనా అని అడిగారు. మనిషి ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాడు, పైగా మీరు ఆర్యవైశ్యులు, ఆ సమాజంలో ఈ ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. నా అనుమానం జీన్ మీదనే.

ఎర్ర రక్తకణాల్లోని అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఇంకో ఎంజైము పరీక్ష కూడా చేయించండి. దాని జీన్ వేరు. అందుకే పుట్టుకతో వచ్చిన లోపమైతే అది మామూలుగానే ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లో గట్టిగా చేరితే రెండూ పడిపోతాయి. క్లోర్‌పైరిఫాస్ లాంటివి మాత్రం ముందు ప్లాస్మా ఎంజైమునే, అంటే సూడోకోలినెస్టరేజ్‌నే, తగ్గిస్తాయి కాబట్టి ఈ ఒక్క లెక్కతో తేల్చేయొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు షాపుకు దూరంగా ఉంచి మళ్లీ చూడండి. పురుగుమందు వల్లనైతే పెరుగుతుంది. లివర్ జబ్బులోనూ తగ్గుతుంది గానీ, సున్నా దాకా పోవడం అరుదు.

వైశ్యుల్లో కనిపించే మార్పు 3వ క్రోమోజోము మీద ఈ ఎంజైమును తయారుచేసే బీసీహెచ్ఈ జీన్‌లో ఉంది. డీఎన్ఏలో ఒక టి అక్షరం సి అయింది, ప్రొటీన్‌లో 307వ చోట ల్యూసిన్ పోయి ప్రోలిన్ వచ్చింది. ప్రోలిన్ పక్క గొలుసు తిరిగొచ్చి ప్రొటీన్ గొలుసు వెన్నెముకలోని నైట్రోజన్‌కే అతుక్కుంటుంది. అక్కడ గొలుసు కావాల్సినట్టు వంగదు, మడత చెడుతుంది, రక్తంలోకి వచ్చే ఎంజైమే ఉండదు. జీన్ రిపోర్టులో 335 అని ఉంటే వేరే మార్పు అనుకోకండి. ఇప్పటి లెక్కలో ముందు కత్తిరించిపోయే 28 అమైనో ఆమ్లాలనూ కలుపుతారు.

ల్యాబుల్లో ఎక్కువగా పొరపడేది డిబుకెయిన్ నంబర్ (డిబుకెయిన్ అనే మందు ఈ ఎంజైము పనిని ఎంత శాతం ఆపుతుందో చెప్పే లెక్క) దగ్గర. అది మామూలుగా 80 దగ్గర, ఇదే జీన్‌లో అటిపికల్ అనే ఇంకో మార్పు రెండు కాపీల్లోనూ ఉంటే 20 దగ్గర వస్తుంది. అటిపికల్‌లో 70వ చోటి ఆస్పార్టేట్ గ్లైసిన్ అవుతుంది: ఎంజైము ఉంటుంది, మందును పట్టుకునే బలం తగ్గుతుంది. 307 మార్పు ఒక్క కాపీలోనే ఉన్నవాళ్లకు మిగిలిన మంచి ఎంజైము వల్ల నంబర్ 80 వస్తుంది, యాక్టివిటీ మాత్రం సగమే. ఎంజైమే లేకుంటే ఆ నంబర్‌కు అర్థం లేదు. అందుకే మీవాళ్లకు జీన్ అక్షరాలను నేరుగా చదివే సీక్వెన్సింగే మేలు.

ఒక మార్పు నిజంగా ప్రొటీన్‌ను చెడగొడుతుందా అన్నది కంప్యూటర్ అంచనాతో తేలదు. ఆ జీన్‌ను కల్చర్ కణాల్లో పెట్టి, ఎంజైము పనిని రంగుతో కొలిచే ఎల్మన్ పద్ధతిలో 412 నానోమీటర్ల దగ్గర పసుపు రంగు ఎంత వేగంగా పెరుగుతుందో చూస్తారు. ప్రొటీన్ ఎంత తయారైందో వెస్టర్న్ బ్లాట్‌తో విడిగా కొలవాలి. ఇది వదిలేస్తే మడత చెడిందా, పట్టు తగ్గిందా చెప్పలేం. వైశ్యుల పుట్టుక ఎంత చిన్న గుంపు నుంచి వచ్చిందో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో ఉంది.

ఇక ఆపరేషన్. మత్తు డాక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పండి: కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం వద్దు. మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో దిగే సక్సినైల్‌కోలిన్ ఇతనికి గంటల తరబడి పట్టేస్తుంది. వాటి బదులు రోక్యురోనియం ఇవ్వొచ్చు, దాన్ని సుగమాడెక్స్‌తో దించొచ్చు. పొరపాటున సక్సినైల్‌కోలిన్ ఇచ్చినా, కండరాల బలం తిరిగొచ్చేదాకా నిద్రలో ఉంచి వెంటిలేటర్ మీద చూసుకుంటే మనిషికి ప్రమాదం ఉండదు.

జీన్ అని తేలితే మీరూ చేయించుకోండి. అమ్మానాన్నలకు చెరో చెడ్డ కాపీ ఉంటే, మీకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.