సమాధానం: కొరియన్ సార్ "నే" అంటే ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?

కాల్‌లో మీరు ఏం చెప్పినా కొరియన్ మేనేజర్ "నే, నే" అంటున్నారని, అది హిందీ "నహీ"లా వినిపించి టెన్షన్ పడుతున్నానని రాశారు. కంగారు వద్దండి. కొరియన్‌లో "నే" అంటే అవును. కాదనాలంటే "అనియో" అంటారు. ఒక్కోసారి "దే" అన్నట్టు వినిపిస్తుంది, అదీ ఈ మాటే.

అలాగని వెంటనే సంబరపడకండి. మాట మధ్యలో వచ్చే "నే" చాలాసార్లు మనం ఊ కొట్టడం లాంటిదే. "శుక్రవారం ఇచ్చేస్తాం" అన్నప్పుడు "నే" వినిపించినంత మాత్రాన గడువుకి ఒప్పుకున్నట్టు కాదు. కాల్ అయ్యాక ఒక మెయిల్ పెట్టి ఖాయం చేసుకోండి. గొంతు పైకి లేపి "నే?" అంటే సరిగ్గా వినపడలేదని, మళ్ళీ చెప్పండి. "ఫైల్ రాలేదా?" అన్నదానికి "నే" అంటే మాత్రం, అవును, రాలేదని. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు.

టీమ్‌లో చెక్ రిపబ్లిక్ వాళ్ళూ ఉన్నారన్నారు కదా, వాళ్ళ పొట్టి "నె"కి అర్థం "కాదు" అనే. పైగా మాటల్లో వాళ్ళు "నో" అన్నారంటే చాలాసార్లు ఔననే! గ్రీకుల "నె" మళ్ళీ అవును. జపాన్ వాళ్ళు వాక్యం చివర తగిలించే "నే" అయితే దాదాపు మన "కదా".