పిల్లల కథలు రాయడం ఎక్కడ నేర్పుతారు?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీకాం ఆఖరి ఏడాది. చదువవగానే పిల్లల కథలు రాస్తానంటోంది. ఇంట్లో తెలుగే, చదవడం రాయడం కూడా వచ్చు. దీనికి కోర్సు ఏదైనా ఉందా? దీన్ని నమ్ముకుని బతకగలదా?
— ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండో ప్రశ్నే కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. ఒక్క పిల్లల కథల మీదే ఇల్లు గడుపుకునేవాళ్లు మన దేశంలో చాలా తక్కువ, తెలుగులో ఇంకా తక్కువ. అందుకని బీకాం పూర్తి చేయాలి, ఉద్యోగంలో చేరాలి. మద్రాసులో 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'ను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారు కూడా పత్రిక ఉద్యోగంలో ఉండే రాశారు. ఆ ఉద్యోగం పుస్తకాలకు దగ్గరగా ఉంటే మరీ మంచిది. ప్రచురణ సంస్థలకీ లెక్కలు చూసేవాళ్లు, అమ్మకాలు, హక్కుల ఒప్పందాలు చూసేవాళ్లు కావాలి. బీకాం అమ్మాయికి అది చక్కటి దారి.

కోర్సు విషయానికొస్తే, ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు. చిన్న వర్క్‌షాప్‌లకు వెళ్లొచ్చు. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగమనండి: "నేను రాసింది చదివి, ఎక్కడ తేలిపోయిందో పంక్తి పంక్తికీ గుర్తుపెట్టి ఇస్తారా?" ఇవ్వలేమంటే ఆ డబ్బు పిల్లల పుస్తకాలు కొనడానికి వాడుకోవచ్చు.

అసలు చదువు ఇంట్లోనే మొదలవుతుంది. నాలుగు తెల్లకాగితాలు మధ్యకి మడిచి కుడితే పదహారు పేజీల పుస్తకమవుతుంది. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా పదహారు, ఇరవై నాలుగు, ముప్ఫై రెండు పేజీల్లో వస్తాయి, పెద్ద కాగితం మీద అచ్చేసి మడవడమే దానికి కారణం. తన కథని ఆ పేజీల్లో సర్దమనండి. ఏ పేజీ దగ్గర పిల్లవాడు తర్వాతేమిటని తిప్పుతాడు? ఎక్కడ మాటలు ఆపేసి బొమ్మకి వదిలేయాలి? పాప ఎర్రగౌను వేసుకుందని రాయనక్కర్లేదు, చిత్రకారుడు వేస్తాడు. "చిట్టి తీవ్రమైన దుఃఖంతో కుమిలిపోయింది" అని రాస్తే ఆరేళ్ల పిల్లకి ఏమీ కనిపించదు. "చిట్టి పలక బోర్లా పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది" అంటే కనిపిస్తుంది. ఇలా ప్రతి వాక్యాన్నీ మార్చుకుంటూ పోవడమే ఈ పనిలో ముక్కాలు భాగం.

వయసుని బట్టి నిడివి కూడా మారుతుంది. మీ బెంగళూరులోనే ఉన్న పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ కథల్ని నాలుగు స్థాయిలుగా విడదీస్తుంది. మొదటి స్థాయి కథ రెండువందల యాభై మాటల్లోపే అయిపోవాలి. అంత చిన్న కథ రాయడం పెద్ద కథ కంటే కష్టం. వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో కథలు ఉచితంగా చదవొచ్చు, తెలుగులోకి అనువదించొచ్చు. ఓ పది కథలు అనువదిస్తే ఏ వాక్యం నోరు తిరుగుతుందో, ఏది తిరగదో తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త: అక్కడ పెట్టినవాటిని పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అమ్మాలనుకున్న సొంత కథ అక్కడ పెట్టకూడదు.

మీ అపార్టుమెంటు పిల్లల్ని కూర్చోబెట్టి తన కథ పైకి చదవమనండి. బాగుందా అని అడగొద్దు, అక్కకి నచ్చాలని అందరూ బాగుందనే అంటారు. మర్నాడు ఆ కథ వాళ్లనే చెప్పమనాలి. వాళ్లు వదిలేసిన భాగం దాదాపు ఎప్పుడూ కొట్టేయాల్సిందే. వాళ్లు తమ మాటల్లోకి మార్చి చెప్పిన వాక్యం చాలాసార్లు తను రాసినదానికంటే బాగుంటుంది, మొహమాటపడకుండా తీసుకోమనండి.

మీ చిత్తూరు మాట ఆమెకి ఆస్తి. నాయనమ్మ మాటలు పక్కనపెట్టి పాఠ్యపుస్తకం తెలుగు రాస్తే కథ బిగుసుకుపోతుంది. బెంగళూరు తెలుగు పిల్లల బతుకు, అంటే బడిలో కన్నడం, మెట్ల మీద హిందీ, అన్నం దగ్గర తెలుగు, కథల్లో ఇంకా సరిగా రాలేదు. ఆ లోకం ఆమెకి తెలుసు. ఈ ఒక్క కారణానికే ఆమె రాయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కథ సిద్ధమయ్యాక చెన్నై తూలిక, సికింద్రాబాద్ మంచి పుస్తకం లాంటి సంస్థలు ఏం వేస్తున్నాయో చదివి, ఎలా పంపమంటారో కనుక్కుని పంపాలి. చిత్రకారుడిని సాధారణంగా సంస్థే చూసుకుంటుంది, సొంత డబ్బుతో బొమ్మలు వేయించొద్దు. అచ్చేయడానికి మీ దగ్గరే డబ్బడిగేవాళ్లకి పంపొద్దు. ఒప్పందంలో కాపీరైటు ఎవరి పేరున ఉందో, ఒకేసారి ఇచ్చే మొత్తమా, అమ్మకాలను బట్టి వచ్చే వాటా (రాయల్టీ)యా అన్నది చూసి సంతకం పెట్టాలి.

ఇక మీకు ఒక మాట అమ్మా. ఆమె కథ చదివి వినిపించినప్పుడు "ఇందులో నీతేంటి?" అని అడగకండి. చిట్టి గోడవైపు ఎందుకు తిరిగిందని అడగండి.